ఇంగ్లీషు పదాల పొందిక – 7వ పాఠం: చిటికెడు మొదలు వీసమెత్తు వరకు

‘లిటిల్’ అంటే దాదాపు లేదనీ, ‘ఎ లిటిల్’ అంటే కొద్దిగా ఉందనీ గత పాఠంలో తెలుసుకున్నాం. అత్యల్ప పరిమాణాన్ని చెప్పే తక్కిన మాటలకు అర్థం తెలిస్తే చాలదు, వాటి జోడీ కూడా తెలియాలి.

మనం చిటికెడు ఉప్పు అంటాం గాని చిటికెడు నీళ్లు అనం. ఇంగ్లీషులోనూ వేళ్ల కొసల మధ్య ఇమిడే పొడికి ‘ఎ పించ్ ఆఫ్ సాల్ట్’ అనీ, నీటికి ‘ఎ డ్రాప్ ఆఫ్ వాటర్’ అనీ వాడతారు. కంట్లో పడే నలుసు ‘స్పెక్’, రొట్టె నుంచి రాలే పొడి ‘క్రమ్’, పలుచగా కోసిన ముక్క ‘స్లివర్’. కంటికి కనిపించే వస్తువులు గనుక వీటితో పెద్దగా చిక్కు లేదు.

చిక్కంతా కనిపించని వాటి దగ్గరే. ‘ష్రెడ్’ అంటే చిరిగిన పేలిక. ‘దేర్ ఈజ్ నాట్ ఎ ష్రెడ్ ఆఫ్ ఎవిడెన్స్’ అన్నప్పుడు సాక్ష్యాన్ని గుడ్డగా ఊహించి, అందులో పేలికైనా మిగల్లేదని చెబుతున్నారన్నమాట. ‘అయోటా’ గ్రీకు వర్ణమాలలో తొమ్మిదవ అక్షరం, రాతలో అన్నిటికన్నా చిన్నది. ‘జాట్’ అన్న మాట కూడా దాని నుంచే పుట్టింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో అది ‘టిటిల్’ (అక్షరానికి పెట్టే చిన్న గుర్తు) అనే మాటతో జంటగా కనిపిస్తుంది. జాట్, టిటిల్ చదివినప్పుడు గుర్తుపడితే చాలు, రాతలోకి తెచ్చుకోనక్కరలేదని నా అభిప్రాయం. అయోటా మాత్రం నేటికీ వాడుకలో ఉంది, అయితే దాదాపు ఎప్పుడూ ‘లేదు’ అనే వాక్యంలోనే: ‘ఇట్ డిడ్ నాట్ చేంజ్ వన్ అయోటా’. టీలో అయోటా చక్కెర వేయమని రాస్తే చదివినవారికి నవ్వొస్తుంది.

‘ఔన్స్’ను చూస్తే మన వీసం గుర్తుకొస్తుంది. వీసం పదహారవ వంతు. ఔన్సు కూడా పౌను (పౌండు) తూకంలో పదహారవ వంతే, అంటే సుమారు 28 గ్రాములు. ‘హి హాజ్ నాట్ యాన్ ఔన్స్ ఆఫ్ కామన్ సెన్స్’ అన్న వాక్యానికి ‘వాడికి వీసమెత్తు ఇంగితం లేదు’ అన్నది ఎంత చక్కగా అమరిందో చూడండి.

‘మోడికమ్’ తీరు వేరు. ఉండవలసిన మంచి గుణం కనీసంగానైనా ఉండాలని చెప్పేటప్పుడు అది వస్తుంది: ‘ఎ మోడికమ్ ఆఫ్ రెస్పెక్ట్’. నొప్పికీ కోపానికీ దాన్ని జోడిస్తే అతకదు. గొంతులో లీలగా తోచే దిగులుకు ‘ఎ హింట్ ఆఫ్ శాడ్‌నెస్’ అనాలి. ‘టాడ్’ను ఎక్కువగా విశేషణానికి ముందు పెడతారు, అప్పుడు ‘ఆఫ్’ రాదు: ‘ఎ టాడ్ లేట్’ (కాస్త ఆలస్యం). దీన్నీ, కాస్తంత అనే అర్థమున్న ‘స్మిడ్జెన్’నూ కబుర్లకే ఉంచుకుని, దరఖాస్తుల్లోకి రానివ్వకండి.

అభ్యాసానికి రెండే వాక్యాలు: ‘ఆ మాటలో రవ్వంత నిజం ఉంది’, ‘అతనికి రవ్వంత జాలి లేదు’. తెలుగులో రెంటికీ ఒకే రవ్వ సరిపోయింది. ఇంగ్లీషులో మొదటిదానికి ‘ఎ గ్రెయిన్ ఆఫ్ ట్రూత్’ అని రాయాలి. రెండవదానికి ఏ మాట పొసగుతుందో పైన చెప్పిన వాటిలోంచే ఎంచి రాయండి.