పొడవాటి ఇంగ్లిష్ మాటల వేట – మూడో పాఠం: వైజాగ్‌లో ఐదు అక్షరాలు

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన పని సంగతి చూద్దాం. ఐదు అచ్చులూ ఉన్న మాటలు అడిగాను. ఎడ్యుకేషన్, ఈక్వేషన్ దాదాపు అందరికీ తడతాయి. డైలాగ్ కూడా పనికొస్తుంది, చివర యు-ఇ ఉన్న స్పెల్లింగ్ రాస్తేనే. ఎంవీపీ కాలనీ రైతు బజార్ నుంచి వచ్చిన సంచిలో ఇంకోటి ఉంటుంది, కాలీఫ్లవర్. రివల్యూషనరీ రాసినవాళ్లకి నా తరఫున శభాష్, అది 13 అక్షరాలు.

ఈసారి మన ఊరి పేరే తీసుకుందాం. రైల్వే స్టేషన్ బోర్డు మీది పూర్తి పేరు వద్దు, దానికే 13 అక్షరాలున్నాయి. వైజాగ్ చాలు: వి, ఐ, జెడ్, ఎ, జి. ఈ ఐదూ ఉన్న పొడవాటి మాటలు కావాలి. వరస ఎలా ఉన్నా సరే, మధ్యలో వేరే అక్షరాలు ఎన్ని వచ్చినా సరే, ఒకే అక్షరం రెండు మూడు సార్లు వచ్చినా సరే.

కొత్తవాళ్లు చేసే పని ఒకటుంది. డిక్షనరీ తీసి వి దగ్గర తెరుస్తారు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పొద్దంతా కూర్చున్నా ఆ దారిలో దొరికేది కొంచెమే. డిక్షనరీ మాటల్ని మొదటి అక్షరాన్ని బట్టి పేరుస్తుంది. మనకి కావాల్సిన అక్షరాలేమో మాటలో ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే మనం తోకవైపు నుంచి వెతుకుతాం.

ఏ తోక? అది అన్నిటికన్నా అరుదైన అక్షరం చెబుతుంది. ఏది అరుదో తెలియకపోతే అక్షరాల బిళ్ళలతో మాటలు పేర్చే ఆట, స్క్రాబుల్ పెట్టె తెరిచి చూడండి. ఇంగ్లిష్ పెట్టెలో 100 బిళ్ళలుంటే జెడ్ ఒక్కటే, దానికి 10 పాయింట్లు. వి రెండు, జి మూడు. ఎ, ఐ మాత్రం తొమ్మిదేసి. కాబట్టి ఎ, ఐ గురించి టెన్షన్ వద్దు, అవి వాటంతటవే వస్తాయి. జెడ్ సంగతి తేల్చాలి.

పొడుగు మాటల్లో జెడ్ ఎక్కువగా ఉండే చోటు ఐ-జెడ్-ఇ అనే తోక. మోడర్నైజ్, ఆర్గనైజ్ లాంటివన్నీ దాంతోనే ముగుస్తాయి. వి, జి, ఎ మూడూ ఉన్న ముక్కకి అదే తోక తగిలిస్తే గాల్వనైజ్ వస్తుంది, 9 అక్షరాలు. ఉప్పుగాలి తగిలే ఊళ్లో ఇది అందరికీ తెలిసిన సరుకే. తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన జీఐ రేకులో జి అంటే ఇదే.

ఇప్పుడు తోక పొడిగిద్దాం. రెండు దారులున్నాయి. ఐజేషన్ తోక పెడితే ఐ, జెడ్, ఎ మూడూ తీరిపోతాయి, వి, జి మిగులుతాయి. ఐజింగ్ తోక పెడితే ఐ, జెడ్, జి తీరిపోతాయి, వి, ఎ మిగులుతాయి. రెండూ మూడేసి అక్షరాలు తీర్చేవే కదా, తేడా ఏముంది అనుకోకండి. చూడాల్సింది ఏం మిగిలిందన్నది. వి, జి రెండూ ఉన్న క్రియలు తక్కువ. గాల్వనైజేషన్, వల్గరైజేషన్ 13 అక్షరాల చొప్పున, ఇవాంజలైజేషన్ 14. అక్కడితో ఊపు తగ్గుతుంది. వి, ఎ ఉన్న క్రియలు మాత్రం బోలెడు: వేపరైజింగ్, విజువలైజింగ్, వాండలైజింగ్, రీవైటలైజింగ్. ప్రైవటైజింగ్ కూడా ఉంది! వైజాగ్ అక్షరాలన్నీ అందులో ఉన్నాయని ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గర మాత్రం అనకండి.

ఆ జాబితాని ఇంకోసారి చూడండి. విజువలైజింగ్, వాండలైజింగ్, రీవైటలైజింగ్ మూడింటిలోనూ తోకకి ముందు ఎ-ఎల్ ఉంది. అంటే తోకని ఎ-ఎల్-ఐ-జెడ్-ఐ-ఎన్-జి అని రాసుకోవచ్చు. అది ఒక్కటే నాలుగు అక్షరాలు తీర్చేస్తుంది. ఇక మిగిలింది వి ఒక్కటే. ఎ-ఎల్‌తో ముగిసే విశేషణాల్లో వి ఉన్నవి ఏరుకుంటూ పోవడమే. యూనివర్సల్ నుంచి యూనివర్సలైజింగ్, 14. ఇండివిడ్యువల్ నుంచి ఇండివిడ్యువలైజింగ్, 15. కన్వెన్షనల్ నుంచి కన్వెన్షనలైజింగ్, 17 అక్షరాలు. ఐదు అక్షరాల ఊరి పేరుతో మొదలుపెట్టి 17 దాకా వచ్చాం, డిక్షనరీ తెరవకుండానే.

అయితే ఇలా అతికించిన ప్రతిదీ మాట అయిపోదు. నోటికి తిరిగింది కదా అని రాసేయకుండా, చివర్లో డిక్షనరీలో చూసి ఖాయం చేసుకోవాలి. డిక్షనరీకి అసలు పని అప్పుడే. ఇంకో చిక్కు: మన స్కూళ్లలో, పేపర్లలో ఈ తోకని ఎక్కువగా ఎస్‌తో రాస్తారు. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలు జెడ్‌కే మొగ్గు చూపుతాయి. రెండూ ఒప్పే. ఇచ్చిన అక్షరాల్లో జెడ్ బదులు ఎస్ ఉంటే ఇవే మాటలు ఎస్ స్పెల్లింగ్‌తో మళ్లీ పనికొస్తాయని గుర్తుపెట్టుకోండి.

కంప్యూటర్ వాడేవాళ్లు లైనక్స్‌లో గ్రెప్ కమాండ్‌తో మాటల ఫైలు వడపోయొచ్చు, ఒక్కో అక్షరానికి ఒక్కో వడపోత, గొలుసుగా. చేత్తో రాసి చూశాకే ఆ పని చేయండి. ముందే చేస్తే జవాబులు వస్తాయి గానీ తోకలు పట్టుకోవడం రాదు.

వచ్చే పాఠానికి పని: బీచ్. బి, ఇ, ఎ, సి, హెచ్. బ్లీచింగ్ అందరికీ తడుతుంది, అది 9 అక్షరాలే కాబట్టి లెక్కలోకి రాదు. 12కి తక్కువ కాకుండా రాయాలి, 14 అక్షరాలది కూడా ఒకటుంది. ఇందులో అరుదైన అక్షరం అంటూ లేదు, అందుకని ఏ తోక మూడు అక్షరాలు తీరుస్తుందో చూడండి. మిగిలే సి, హెచ్ పక్కపక్కనే ఉండే క్రియలు ఏరుకోండి. ఆ తర్వాత మొదటి పాఠంలో చెప్పుకున్న కాదు అనే అర్థమిచ్చే ఉపసర్గల్లో ఒకటి ముందు తగిలించండి.