చిన్న బోటులో పెద్ద ఐస్ బాక్స్ ఎక్కడ పెట్టాలి

మొన్నామధ్య ఆఫర్ ఉందని మా బావ 100 లీటర్ల ఐస్ బాక్స్ ఆర్డర్ పెట్టేశాడు, నన్ను ఒక్క మాట అడగలేదు. చెన్నై పెరంబూర్లో మా ఇంటికొచ్చాక హాల్లో పెడితే దివాన్ కాట్ లాగా ఉంది, మా అమ్మ దాని మీద కూర్చుని చిక్కుడుకాయలు కూడా ఒలిచింది. మా ఇద్దరి వాటా బోటు మాత్రం 18 అడుగుల ఫైబర్ బోటు, పళవేర్కాడులో ఉంటుంది (అదే, మనం పులికాట్ అంటాం), అడుగున నిలబడే చోట వెడల్పు గట్టిగా కొలిస్తే మూడున్నర అడుగులు. అందులో ముగ్గురం, ఇంజన్, పెట్రోల్ ట్యాంకు, లంగరు, గేలాలు, లైఫ్ జాకెట్లు, క్యారేజీ. ఇంక ఈ దివానెక్కడ పెట్టాలి చెప్పండి.

రెండు ట్రిప్పులు చెడగొట్టుకున్నాక తెలిసిందేంటంటే మేం వెతికిందే తప్పు పద్ధతిలో. ఖాళీ పెట్టె పట్టుకుని ఎక్కడ పడుతుందా అని చూశాం. ఖాళీ పెట్టె 10, 12 కిలోలుంటుంది, అది ఎక్కడైనా పడుతుంది. నింపాక దాని బరువెంతో చూసి ఆ బరువుకి చోటు వెతకాలి. 100 లీటర్ల పెట్టెలో పగలగొట్టిన ఐస్ నిండా పోస్తే 50 కిలోలు దాటుతుంది, చేప పడి కాస్త ఐస్ కరిగి సందులన్నీ నీళ్ళతో నిండాక మొత్తం 90 కిలోల దాకా వెళ్తుంది. అంటే టికెట్టు లేకుండా ఎక్కిన నాలుగో మనిషి అన్నమాట, అదీ కదలమంటే కదలని మనిషి.

మొదటిసారి బావ "ముందు ఖాళీగానే ఉంది కదరా, అక్కడ పడేద్దాం" అన్నాడు, నేనూ సరే అన్నా. సరస్సులో ఉన్నంతసేపు బానే ఉంది. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దాటేటప్పుడు ఎదురు అల వస్తే ముక్కు పైకి లేవాలి కదా, లేవలేదు, నేరుగా అలలోకి దూరింది, బకెట్‌తో నీళ్ళు తోడుకుంటూ వెనక్కొచ్చాం. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన చూసి "అణియంలో బరువెయ్యకు తమ్ముడూ, అల తాగేస్తది" అన్నాడు. అణియం అంటే ముక్కు వైపు, అమరం అంటే వెనక వైపు, ఇక్కడ జాలర్ల దగ్గర ఈ రెండు మాటలు నేర్చుకుంటే చాలా పనులు తేలికవుతాయి.

సరే అని రెండోసారి వెనక్కి, ఇంజన్ పక్కన పెట్టాం. అక్కడ అప్పటికే ఇంజన్ 40 కిలోలు, పాతిక లీటర్ల పెట్రోల్ అంటే ట్యాంకు కాకుండానే 18 కిలోలు, పైన నడిపే మనిషి, అది బావ కాబట్టి 85 వేసుకోండి. దాని మీద పెట్టె. పులికాట్ సరస్సు అసలే లోతు లేని నీళ్ళు, చాలా చోట్ల మనిషి దిగితే నడుం దాకా కూడా ఉండదు. వెనక అంత కిందకి దిగేసరికి ఇంజన్ కింద తిరిగే ఫ్యాన్ బురదలో ఇరుక్కుంది, దిగి తోసుకుంటూ వచ్చాం, నా చెప్పు ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇంకో సంగతి, పెట్రోల్ ట్యాంకు పక్కన పెట్టె పెట్టకపోవడానికి బరువు ఒక్కటే కారణం కాదు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, కిందే పేరుకుంటుంది, దానికి గాలి ఆడే చోటుని ఇంత పెట్టెతో మూసేస్తే ప్రమాదం. చేపకి ఆ వాసన పట్టిందంటే ఇంట్లో ఇంక చేప వండరు, అది వేరే ప్రమాదం.

ఇంక మిగిలింది మధ్య. సరిగ్గా సగంలో కాదు, వెనక బరువు ఎలాగూ ఎక్కువుంటుంది కాబట్టి సగం నుంచి ఒక అడుగో అడుగున్నరో ముందుకి. ఎంత ముందుకి అనేది మీ బోటుని బట్టి, మీ బావ బరువుని బట్టి. దాన్ని తేల్చడానికి మేం చేసిన పని చెప్తా, ఈ మొత్తంలో మీరు ఒక్కటే చేస్తారంటే ఇదే చెయ్యండి.

మన చెన్నైలో ప్రతి ఇంట్లో 20 లీటర్ల వాటర్ క్యాన్లు ఉంటాయి కదా, నిండు క్యాన్ ఒకటి 20 కిలోలు పైనే. నాలుగు తీసుకెళ్ళండి, 80 కిలోలు దాటుతాయి, దాదాపు అదే మీ నిండు ఐస్ బాక్స్. పెట్టె కొలతకి ఏదైనా అట్టపెట్టె కోసి (చేతిపిడులు పక్కకి రెండేసి అంగుళాలు పొడుచుకొస్తాయి, వాటితో కలిపి కొలవండి, మేం మర్చిపోయాం) బోటులో పరిచి, దాని మీద క్యాన్లు పెట్టండి. నీళ్ళు కదలని చోట, గాలి లేని పొద్దున పూట చెయ్యాలి. మనుషులందరూ మామూలుగా కూర్చునే చోట్లలో కూర్చోవాలి, ఇంధనం కూడా నిండుగా ఉండాలి. ఒకరు ఒడ్డున నిలబడి ముందు, వెనక, రెండు పక్కలా నీళ్ళు ఎక్కడి దాకా తాకుతున్నాయో కలర్ టేపు అంటించాలి. ఇప్పుడు క్యాన్లు అరడుగు ముందుకి, మళ్ళీ టేపు, అరడుగు వెనక్కి, మళ్ళీ టేపు. క్యాన్లు లేనప్పుడు బోటు ఎలా కూర్చునేదో దాదాపు అలాగే కూర్చోవాలి, కాస్త మొత్తంగా దిగుతుంది అంతే, ముక్కు మాత్రం కిందకి వాలకూడదు. అంచుకీ నీటికీ మధ్య ఎత్తు బాగా తగ్గిపోయి భయం వేస్తోందంటే ఎక్కడ పెట్టినా లాభం లేదు, ఒక మనిషిని దించాలి లేదా చిన్న పెట్టె కొనాలి. మాకు అరగంట పట్టింది, తర్వాత ఆ నీళ్ళే తాగాం.

మధ్యలో పెట్టేటప్పుడు అడ్డబల్ల తగులుతుంది. అది కోసేస్తే సరిగ్గా పడుతుందని బావ ఐడియా. దయచేసి కొయ్యకండి. చాలా ఫైబర్ బోట్లలో ఆ బల్ల కూర్చోడానికి మాత్రమే కాదు, రెండు పక్కల గోడల్ని పట్టి ఉంచేది అదే, తీసేస్తే అల కొట్టినప్పుడు గోడలు ఊగి కొన్నాళ్ళకి పగుళ్ళొస్తాయి. బల్లకి ముందు వైపు పెట్టెని ఆనించి పెట్టండి, వెనక్కి జరగకుండా బల్లే ఆపుతుంది, సగం తాడు పని తగ్గుతుంది.

పెట్టె నిలువుగానా అడ్డంగానా అంటే నిలువుగా, అంటే పొడుగు వైపు బోటు పొడుగుతో పాటు ఉండాలి. అడ్డంగా పెడితే బెంచీ లాగా ఇద్దరు కూర్చోవచ్చు, చూడ్డానికి బాగుంటుంది, కానీ లోపల కరిగిన నీళ్ళున్నాయని మర్చిపోవద్దు. బోటు ఒక పక్కకి ఒరిగితే ఆ నీళ్ళు కూడా ఆ పక్కకే పరిగెత్తి ఇంకా ఒరగదోస్తాయి. అడ్డంగా ఉంటే దాదాపు మూడడుగుల దూరం పరిగెత్తుతాయి, నిలువుగా ఉంటే అడుగు పైన కాస్త, అంతే. ఒకే పెట్టె, అవే నీళ్ళు, అడ్డంగా పెడితే ఆ తోపు 4 రెట్లకి పైనే. ఐస్ నిండా ఉన్నంతసేపు తెలీదు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు సగం ఐస్ సగం నీళ్ళు అయ్యాక తెలుస్తుంది. అందుకే మధ్యమధ్యలో కాస్త నీళ్ళు వదిలెయ్యడం మంచిది, పూర్తిగా కాదు, చేప చుట్టూ చల్లనీళ్ళు ఉంటే ఉత్త ఐస్ కంటే తొందరగా చల్లబడుతుంది.

నిలువుగా పెడితే మా బోటులో రెండు పక్కలా 11 అంగుళాల దారి మిగిలింది. పాదం పడుతుంది, కానీ చేప తగిలిందని ఎగిరి లేచేవాడికి చాలదు. ఒక పక్కకి జరిపి ఇంకో పక్క వెడల్పుగా దారి చేద్దామనిపిస్తుంది, 90 కిలోలు పక్కకి జరిపితే బోటు రోజంతా ఒరిగే ఉంటుంది, ఇవతల పక్క లంగరూ బ్యాటరీ కలిపి పెట్టినా పాతిక కిలోలు రావు. మధ్యలోనే ఉంచి, అటువైపు వెళ్ళాలంటే పెట్టె మీద కూర్చుని కాళ్ళు అటు తిప్పుకోవడం అలవాటు చేసుకోండి. కూర్చోవచ్చు, నిలబడొద్దు. ఫోటో కోసం బావ నిలబడ్డాడు, ఫోటోలో ఆకాశం మాత్రమే వచ్చింది.

అసలు చోటు కలిసొచ్చేది ఇక్కడే, పెట్టెని సామాను అనుకోకుండా కుర్చీ అనుకుంటే. మేం ఇంతకుముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక గేలం సామాన్ల పెట్టె, తాగేనీళ్ళ డబ్బా విడిగా పెట్టేవాళ్ళం. కుర్చీ తీసేశాం. సామాన్ల పెట్టె బల్ల కిందకి వెళ్ళింది. నీళ్ళ డబ్బా బదులు లీటరు బాటిళ్ళు ముందు రోజు రాత్రి డీప్ ఫ్రీజర్లో గడ్డ కట్టించి ఐస్ బాక్స్ అడుగున పరుస్తాం, ఐస్ పనీ చేస్తాయి, మధ్యాహ్నానికి తాగనూ తాగొచ్చు, బయట కడుక్కుని మూత తీస్తే చాలు. పులిహోర మాత్రం అందులో పెట్టొద్దు, ఎంత గట్టి డబ్బా అయినా సరే.

మూత సంగతి చాలామంది ఆఖర్న చూస్తారు. పెట్టె ఎత్తు అడుగున్నర, మూత తెరిస్తే ఇంకో అడుగున్నర పైకి లేస్తుంది, అక్కడ గేలం స్టాండు గానీ గొడుగు కర్ర గానీ ఉంటే సగమే తెరుచుకుంటుంది. మీరెక్కువ కూర్చునే వైపుకి మూత తెరుచుకోవాలి, కీలు అవతల వైపు. నీళ్ళు వదిలే బిరడా వెనక వైపుకి రావాలి, బోటులో నీళ్ళన్నీ చేరే గుంట ఎలాగూ అటే కదా. బిరడాకి చిన్న పైపు ముక్క తగిలించి అంచు మీంచి బయటకి వేస్తే రాదు, పైపు బిరడా కంటే ఎత్తుకి ఎక్కాలి కాబట్టి నీళ్ళు ఎక్కవు, కాబట్టి గుంటలోకే వదిలి పంపుతో తోడెయ్యాలి. పొలుసులు పంపులో ఇరుక్కోకుండా పంపు చుట్టూ ఒక పాత దోమతెర ముక్క చుట్టండి.

కట్టడం. మూత మీంచి బెల్టు వేస్తే చేప పడ్డ ప్రతిసారీ విప్పాలి, రెండో చేపకి విసుగొచ్చి వదిలేస్తారు, అప్పుడే పెద్ద అల వస్తుంది. రెండు వైపులా చేతిపిడుల్లోంచి లారీవాళ్ళు వాడే రాట్చెట్ బెల్టు వేసి, అడ్డబల్లకీ, ముందున్న కొక్కేలకీ బిగించండి, మూతకి దాని సొంత గొళ్ళెం చాలు. ఈ బెల్టులు ప్యారిస్ కార్నర్ సందుల్లో తాళ్ళ షాపుల్లో దొరుకుతాయి, ఉప్పునీళ్ళకి ఇనుప గేరు తుప్పు పడుతుంది కాబట్టి ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి కాస్త నూనె వెయ్యాలి. బోటు అడుగున కొత్తగా స్క్రూలు దించే ముందు ఆలోచించండి, కింద బోటు తేలడానికి నింపిన ఫోమ్ ఉంటే ఆ చిల్లులోంచి నీళ్ళు దిగి నానుతుంది, బోటు ఏడాదికేడాది బరువెక్కుతుంది, కారణం తెలీదు. పెట్టె కింద పాత యోగా మ్యాట్ ముక్క వేస్తే జారదు, మా ఇంట్లో ఒకటి ఎలాగూ జనవరిలో కొని ఫిబ్రవరిలో ఆపేసినదుంది.

ఐస్ నింపి పెట్టెని మొయ్యొద్దు. ఖాళీ పెట్టె ముందు ఎక్కించి, కట్టేసి, ఐస్ గోనెసంచుల్లో తెచ్చి అక్కడే పొయ్యాలి. దించేటప్పుడూ అంతే, చేపలు బుట్టలోకి తీసుకుని, నీళ్ళు వదిలి, అప్పుడు పెట్టె. ఆ గోనెసంచి పారెయ్యకుండా తడిపి పెట్టె మీద కప్పండి, మన మే నెల ఎండకి దానికి మించింది లేదు.

ఇంత చెప్పాక ఒక మాట, అసలు అంత పెట్టె మీకు కావాలా? మన వేడికి కిలో చేపకి కిలో ఐస్ లెక్క. ముగ్గురు కలిసి ఒక పూటకి 15 కిలోలు పడితే అది పండగే, దానికి 15 కిలోల ఐస్ కలిపినా 50 లీటర్ల పెట్టె సరిపోతుంది. పొడుగు వంజరం పడితే పట్టదు కదా అంటారు, దానికి జిప్పు ఉండే ఇన్సులేటెడ్ చేపల బ్యాగు ఉంటుంది, ఖాళీగా ఉన్నప్పుడు చుట్టి బల్ల కింద తోసెయ్యొచ్చు. కానాగంతలు, సూరలాంటివి మాత్రం పట్టిన వెంటనే ఐస్‌లోకి వెళ్ళాలి, ఎండలో పడేస్తే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది, తర్వాత ఎంత ఉడికించినా పోదు, తిన్నాక ఒళ్ళంతా దద్దుర్లు. కాబట్టి బోటులో ఏదో ఒక పెట్టె ఉండి తీరాలి, అది 100 లీటర్లదే కానక్కర్లేదు.

మేం ఇప్పుడు మామూలు రోజుల్లో 50 లీటర్లదే బోటులో తీసుకెళ్తున్నాం, పెద్దది ఐస్‌తో కారు డిక్కీలో ఒడ్డునే ఉంటుంది, తిరిగొచ్చాక చేపలు అందులోకి మార్చి చెన్నై దాకా హాయిగా వస్తాం. పొద్దుట్నుంచి రాత్రి దాకా లోపలే ఉండే ట్రిప్పులకి మాత్రం పెద్దది మధ్యలో, టేపు గుర్తు దగ్గర. ఇంటికొచ్చాక కడిగి, మూతకీ పెట్టెకీ మధ్య ఒక పుల్ల అడ్డం పెట్టి ఆరబెడుతున్నాం, మూసి పెడితే వారానికి వాసన లేచింది, దాని మీద కూర్చుని కూరగాయలు తరగడం మా అమ్మ అప్పుడే మానేసింది.