మాటల మూలాలు – 7వ పాఠం: ప్రసాదించు

పోయిన పాఠంలో ‘ఇచ్చు’ చూశాం. దాని ధాతువు ‘ఈ’ అనీ, ‘ఈవి’ అంటే దానగుణమనీ చెప్పుకున్నాం. ఈసారి ‘ప్రసాదించు’. ‘ప్రేమ’ నుంచి ‘ప్రేమించు’ వచ్చినట్టే, ‘ప్రసాదం’ అనే సంస్కృత పదానికి మన ‘ఇంచు’ చేర్చి ఈ క్రియ చేసుకున్నాం.

ప్రసాదం అనగానే చెన్నై ట్రిప్లికేన్ గుడిలో దొన్నెలో పెట్టే చక్కెర పొంగలి గుర్తొస్తుంది. కానీ ఆ మాటకు మొదటి అర్థం తినేది కాదు, ఇచ్చేదీ కాదు. తేట.

మొన్న సాయంత్రం మా వీధికి లారీ నీళ్లొచ్చాయి. బిందెలో పట్టి చూస్తే అంతా మడ్డి. కదపకుండా వదిలేశాను. పొద్దున లేచేసరికి మడ్డి అడుక్కి దిగింది. పైనున్న నీళ్లలో వంటింటి ట్యూబ్‌లైట్ నిలకడగా కనిపించింది. మనం నీళ్లు ‘తేరుకున్నాయి’ అంటాం కదా, అదే ఇది. ‘సద్’ అంటే కూర్చోవడం, కుదురుకోవడం. దానికి ‘ప్ర’ చేరితే తేటపడటం. అలా తేరిన నీరు ప్రసన్నం. వాల్మీకి తమసానది నీటిని ‘ప్రసన్నాంబు’ అని, మంచివాడి మనసుతో పోల్చాడు. నాకెంతో ఇష్టమైన పోలిక.

నీటి నుంచి ఈ మాట మనసుకు వచ్చింది. కోపం, కలత అడుక్కి దిగితే ప్రసన్నత. ప్రసన్నులైన పెద్దలు చూపే దయ ప్రసాదం. ఆ దయతో ఇవ్వడం ప్రసాదించడం.

అందుకే ఇందులో ఇచ్చేవారు ఎప్పుడూ పైనుంటారు. తమిళంలో తొల్కాప్పియం అనే ప్రాచీన వ్యాకరణ గ్రంథం ఈ ఎక్కువ తక్కువలను సూత్రంగానే చెప్పింది: తక్కువవాడు అడిగేటప్పుడు ‘ఈ’ అంటాడు, సమానుడు ‘తా’ అంటాడు, పైవాడు ‘కొడు’ అంటాడు. ‘దేవుడు ఆవిడకు మంచి గొంతు ప్రసాదించాడు’ అనండి, నిండుగా ఉంటుంది. గొంతు, ఓపిక, సంతానం, జ్ఞాపకశక్తి లాంటివాటికి ఈ క్రియ అతుకుతుంది. లెక్కపెట్టి ఇచ్చే డబ్బుకు అతకదు.

ఈ పాఠాలు చదివే ఒకరు లీవ్ లెటర్‌లో ‘సెలవు ప్రసాదించగలరు’ అని రాశారు. వద్దండీ. సెలవు మన హక్కు, వరం కాదు. ‘ఇప్పించగలరు’ అంటే మర్యాదకేమీ లోటు రాదు.

అభ్యాసం: ‘ప్రసాదించు’తో మూడు వాక్యాలు రాయండి. ప్రతిదాంట్లో ఆ మాట తీసేసి ‘ఇచ్చు’ పెట్టి, పైకి చదవండి. తేడా వినిపించకపోతే అక్కడ ‘ఇచ్చు’నే ఉంచేయండి.

వచ్చే పాఠం ‘పెట్టు’. ఆడపడుచుకు చీర ‘ఇచ్చాం’ అనకుండా ‘పెట్టాం’ అని ఎందుకంటామో ఈలోగా మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి.