స్వాహిలీ, జూలూ భాషలను విశ్వవిద్యాలయంలో చదవదలచిన వారికి

నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి ఊళ్లలో డిగ్రీ చదువుతూ ఆఫ్రికా భాషలపై ఆసక్తి పెంచుకున్న విద్యార్థి, విశ్వవిద్యాలయాన్ని వెతకడానికి ముందే భాషను తేల్చుకోవాలి. స్వాహిలీ, జూలూ రెండూ బంటూ అనే ఆఫ్రికా భాషా కుటుంబానికి చెందినవే అయినా వాటి అవసరం వేరు, నేర్చుకోవడంలోని కష్టమూ వేరు. టాంజానియా, కెన్యాలలో అధికార భాషగా ఉన్న స్వాహిలీని 2022లో ఆఫ్రికన్ యూనియన్ కూడా తన కార్యనిర్వహణ భాషలలో చేర్చుకున్నది. జూలూ ప్రధానంగా దక్షిణాఫ్రికా భాష. ఆ దేశంలో చదువో పరిశోధనో చేసే ఉద్దేశం లేనివారు స్వాహిలీతో ప్రారంభించడమే మేలని నా అభిప్రాయం.

స్వాహిలీని రోమన్ లిపిలో రాస్తారు. రాసినట్లే చదువుతారు కనుక ఉచ్చారణ త్వరగానే పట్టుబడుతుంది. అసలు శ్రమ నామవర్గాల దగ్గర ఉన్నది. మన వ్యాకరణం నామవాచకాలను మహత్తు, అమహత్తు అంటూ విభజిస్తే, స్వాహిలీలో అటువంటి వర్గాలు పదికి పైగా ఉన్నాయి. నామం ఏ వర్గానికి చెందితే దానికి తగినట్లు విశేషణం, సంఖ్య, క్రియ అన్నీ ముందుభాగాన్ని మార్చుకుంటాయి. ‘కిటాబు’ అంటే పుస్తకం, ‘విటాబు’ అంటే పుస్తకాలు. అందువల్ల ప్రతి నామాన్నీ బహువచనంతో కలిపి కంఠస్థం చేయాలి. క్రియ కూడా మనకు తలకిందులుగా కనిపిస్తుంది. ‘చదువుతున్నాను’ అనే మాటలో పురుషను తెలిపే ప్రత్యయం చివర ఉండగా, ‘నినసోమ’లో అది మొదటనే వస్తుంది; ధాతువైన ‘సోమ’ను విడదీసుకోగలిగితే తప్ప నిఘంటువులో వెతకడం సాధ్యపడదు.

జూలూలో స్వరభేదం, అంటే గొంతును హెచ్చించి తగ్గించి పలకడంలోని తేడా, అర్థాన్ని మారుస్తుంది, కానీ రాతలో అది కనిపించదు. కనుక బోధకుడు లేకుండా నేర్చుకోవడం మంచిది కాదు. నాలుకతో చేసే ‘క్లిక్’ ధ్వనులకు మాత్రం భయపడనక్కరలేదు. జాలిపడినప్పుడు పళ్ల వెనుక నాలుక తాటించి మనం చేసే చప్పుడు వాటిలో ఒకటి. ఎడ్లను అదిలించేటప్పుడు బుగ్గ పక్కనుంచి చేసే చప్పుడు మరొకటి. వాటిని అచ్చుతో కలిపి మాటలో పలకడమే సాధన చేయవలసినది.

మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆఫ్రికన్ స్టడీస్ విభాగం స్వాహిలీ బోధిస్తున్నది. విదేశాలలో లండన్‌లోని సోయాస్ (ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల విద్యాసంస్థ), టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ విశ్వవిద్యాలయం పేరుపొందినవి. ఖర్చు భరించగలిగితే, తరగతి బయట కూడా ఆ భాషే వినిపించే రెండవదానిని ఎంచుకోవాలి. జూలూకు దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయం ఉన్నది. దూరవిద్యకు ఆ దేశంలోనే ప్రిటోరియాలోని యూనిసా (యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆఫ్రికా) ఉన్నది. ఐఐటీ కోచింగుకు పేరుపడిన నెల్లూరు వారికి మరొక సంగతి: ఐఐటీ మద్రాసు 2023లో టాంజానియాకు చెందిన జాంజిబార్‌లో క్యాంపస్ తెరిచింది. అక్కడ చెప్పేది భాష కాకపోయినా, ప్రామాణిక స్వాహిలీకి ఆధారమైన మాండలికం ఆ ఊరిదే.

దరఖాస్తుకు ముందు ఆ విభాగానికి లేఖ రాసి, భాషను ఎన్ని సెమిస్టర్లు బోధిస్తారో, ఆ ఏడాది బోధకుడు ఉన్నారో లేదో అడగాలి. భాషతో పాటు భాషాశాస్త్రమో, చరిత్రో, వాణిజ్యమో మరొక ప్రధాన విషయంగా తీసుకుంటే ఉద్యోగానికి దారి విశాలమవుతుంది.