కలివి కోడికి పనికొచ్చే చిట్టడవిని తాడుతో కొలవడం ఎలా

బద్వేలు, సిద్దవటం వైపు లంకమల అంచున ఉన్న ఊళ్ల వాళ్ల కోసం ఇది రాస్తున్నా. 1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివి కోడి అనే అరుదైన పక్షి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది, ఊరి మనిషి పట్టుకుంటేనే. దాని కోసం తెలుగు గంగ కాలువ దారి కూడా మార్చారు. ఇంత జరిగినా అది తిరిగే నేల ఎలా ఉందో మనం పట్టించుకోకపోతే లాభం లేదు.

లంకమల అభయారణ్యంలోకి వెళ్లాలంటే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోండి. తర్వాత ఒక తాడుతో 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు చదరం వేసి పొదలు లెక్కపెట్టండి. రేగు, కలివి, తుమ్మ, ఏదైనా సరే, 2 మీటర్లు దాటినవి ఒక లెక్క, అంతకన్నా పొట్టివి ఇంకో లెక్క. పరిశోధకులు తేల్చింది ఏమిటంటే, హెక్టారుకు పెద్ద పొదలు 300 నుంచి 700, చిన్నవి 1000 లోపు ఉన్న చోటే ఈ పక్షి ఎక్కువగా తిరుగుతుంది. మీ చదరంలో అయితే పెద్దవి 12 నుంచి 28, చిన్నవి 40 లోపు అన్నమాట. మధ్యమధ్యలో ఖాళీ నేల ఉండాలి, అది పరుగెత్తేది అక్కడే.

ఒక్క చదరం చాలదు, నాలుగైదు చోట్ల వేయండి.

మేకల్ని పూర్తిగా ఆపితే పొదలు కమ్ముకుంటాయి, విచ్చలవిడిగా వదిలినా, కట్టెలు కొట్టినా, దున్ని నిమ్మతోట వేసినా అసలు అడవే పోతుంది, కాబట్టి మేత మితంగా ఉండడమే మేలని నా అభిప్రాయం. వాన ఎగ్గొట్టిన ఏడు మేతంతా అడవి మీదే పడుతుంది, కుండపోతగా కురిసిన ఏడు చిన్న పొదలు గుంపుగా లేచి నేల మూసుకుపోతుంది, వాతావరణం మారుతున్న కొద్దీ ఈ రెండు రకాల ఏళ్లూ మనకు ఎక్కువయ్యేలా ఉన్నాయి. అందుకే వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి అదే చోట కొలిచి, తేదీతో నోట్‌బుక్‌లో రాసుకోండి.

పొద్దుగూకాక కాసేపు మాట్లాడకుండా వినండి, దాని కూత వినిపించేది ఆ వేళలోనే. మెత్తటి మట్టి పరిచి ఉంచితే తెల్లారేసరికి అడుగులు పడొచ్చు, వెనక వేలు లేని మూడు వేళ్ల అడుగు అయితే ఫోటో తీయండి. అలాంటి అడుగున్న పక్షులు వేరేవీ ఉన్నాయి కాబట్టి అదొక్కటే చూసి తేల్చేయొద్దు. రికార్డు చేసిన కూత వేసి పిలవొద్దు. ఆ చోటు వివరాలు అటవీ శాఖకు ఇవ్వండి, వాట్సాప్‌ గ్రూపుల్లో మాత్రం పెట్టొద్దు.