హాప్ఫ్ ఆల్జీబ్రాని కాగితం మీద లెక్క చేసి నేర్చుకోవడం ఎలా

హాప్ఫ్ ఆల్జీబ్రాల మీద పుస్తకం తెరిచిన వాళ్లలో చాలామంది మొదటి అధ్యాయం దాటరు. బాణాలతో నిండిన చతురస్రాల బొమ్మలు వరసగా వస్తాయి, వాటిని కంఠతా పడితే సరిపోతుందనుకుంటారు, నాలుగు రోజులు పోయాక ఏ బాణం ఎటు పోయిందో గుర్తుండదు. నా సలహా ఏంటంటే, బొమ్మలు కాసేపు పక్కన పెట్టి ఒక చిన్న ఆల్జీబ్రా తీసుకోండి, దాని జనరేటర్ల మీద మొదటి నుంచి చివరిదాకా స్వయంగా లెక్క చేయండి. ఆ ఒక్క లెక్క ముగిసేసరికి నిర్వచనంలోని ప్రతి షరతు అక్కడ ఎందుకు కూర్చుందో మీకే అర్థమవుతుంది.

ముందుగా రావాల్సింది టెన్సర్ ప్రాడక్ట్, అంతకంటే పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఎమ్మెస్సీలో ఇది చాలామందికి హడావిడిగా అయిపోతుంది కాబట్టి మూడు విషయాలు గట్టి చేసుకోండి. రెండు వెక్టర్ స్పేసుల బేసిస్‌లు తెలిస్తే, ఒక్కోదాని నుంచి ఒక్కటి తీసి జత కట్టినవే టెన్సర్ ప్రాడక్ట్ బేసిస్. అందులోని మామూలు ఎలిమెంట్ ఇలాంటి జతల మొత్తమే తప్ప ఒకే ఒక్క జత కానక్కర్లేదు. రెండూ ఆల్జీబ్రాలైతే గుణకారం ఎడమవి ఎడమవాటితో, కుడివి కుడివాటితో జరుగుతుంది:

(అ ⊗ ఇ)(ఉ ⊗ ఎ) = అఉ ⊗ ఇఎ

హాప్ఫ్ ఆల్జీబ్రాలో మామూలు గుణకారంతో పాటు, ఒక ఎలిమెంట్‌ని రెండుగా విడగొట్టే కోమల్టిప్లికేషన్ కూడా ఉంటుంది. అసలు ఇది ఎవరికి కావాలి అన్నది ఇప్పుడు ప్రశ్న. ఒక గ్రూప్ రెండు వెక్టర్ స్పేసుల మీద పనిచేస్తుంటే వాటి టెన్సర్ ప్రాడక్ట్ మీద కూడా దర్జాగా పనిచేస్తుంది: గ్రూప్ ఎలిమెంట్ గ ని రెండు వైపులా ఒకేసారి ప్రయోగిస్తాం, అంతే. మరి గ్రూప్ కాకుండా ఏదో ఒక ఆల్జీబ్రా పనిచేస్తుంటే? ఆ ఎలిమెంట్‌ని ఎడమ స్పేస్‌కి ఎంత, కుడి స్పేస్‌కి ఎంత ఇవ్వాలో చెప్పే నియమం ఒకటి కావాలి. ఆ నియమమే డెల్టా, ఆల్జీబ్రా నుంచి ఆల్జీబ్రా ⊗ ఆల్జీబ్రాకి వెళ్లే లీనియర్ మ్యాప్. ఫీల్డ్‌నే ఒక రిప్రజెంటేషన్‌గా (అంటే ఆల్జీబ్రా పనిచేసే స్పేస్‌గా) చూడాలంటే ఆల్జీబ్రా నుంచి ఫీల్డ్‌కి వెళ్లే మ్యాప్ ఎప్సిలాన్ కావాలి, డ్యూయల్ స్పేస్‌ని రిప్రజెంటేషన్‌గా మార్చాలంటే ఆల్జీబ్రా నుంచి తనకే వెళ్లే మ్యాప్ యాంటీపోడ్ కావాలి. ఈ మూడూ ఈ మూడు పనుల కోసమేనని మనసులో పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. చరిత్రలో మాత్రం ఇది రిప్రజెంటేషన్ల దారిలో రాలేదు, టోపాలజీ నుంచి వచ్చింది. హైన్జ్ హాప్ఫ్ 1941లో గ్రూప్ మ్యానిఫోల్డుల మీద పని చేస్తూ, గ్రూప్‌లోని గుణకారం కోహోమాలజీలోకి వెళ్లేసరికి దిశ తిరగబడి ఒకటి రెండుగా విడిపోయే మ్యాప్ అవుతుందన్న సంగతిని వాడుకున్నాడు. పేరు ఆయన మీదుగా వచ్చిందే.

గుణకారం సంగతి వదిలేసి డెల్టా, ఎప్సిలాన్ మాత్రమే ఉన్న స్పేస్‌ని కోఆల్జీబ్రా అంటారు. దానికి నాకు నచ్చిన మొదటి ఉదాహరణ డబ్బు పంపకం. చ₀, చ₁, చ₂, చ₃... అని బేసిస్ తీసుకోండి, చ₃ అంటే మూడు రూపాయలనుకోండి. డెల్టా అంటే ఆ డబ్బుని ఇద్దరు అన్నదమ్ములకి పంచే విధానాలన్నీ కలిపి రాయడం:

డెల్టా(చ₃) = చ₀ ⊗ చ₃ + చ₁ ⊗ చ₂ + చ₂ ⊗ చ₁ + చ₃ ⊗ చ₀

మూడో తమ్ముడు వచ్చాడనుకోండి. ముందు రెండు వాటాలు వేసి పెద్దవాడి వాటాని మళ్లీ విడగొట్టినా, చిన్నవాడి వాటాని విడగొట్టినా, చివరికి ముగ్గురికి పంచే విధానాల జాబితా ఒకటే. కోఅసోసియేటివిటీ అంటే ఇంతే. ఎప్సిలాన్ ఏమో చ₀ కి 1, మిగతావాటికి 0 ఇస్తుంది, అంటే ఒక వైపు వాళ్లకి ఏమీ దక్కని పంపకాన్ని మాత్రమే ఉంచుతుంది, అప్పుడు రెండో వైపు మొత్తం అసలు డబ్బే మిగులుతుంది. కోయూనిట్ షరతు అదే. దీన్ని డ్యూయల్ చేస్తే ఫార్మల్ పవర్ సిరీస్ రింగ్ వస్తుంది, ఒకసారి చేసి చూడండి, బాగుంటుంది. కోఆల్జీబ్రా డ్యూయల్ ఎప్పుడూ ఆల్జీబ్రానే, తిరుగు దారి మాత్రం అంత తేలిక కాదు: ఆల్జీబ్రా డ్యూయల్‌ని నేరుగా కోఆల్జీబ్రా చేయాలంటే డైమెన్షన్ ఫైనైట్ అయి ఉండాలి, లేకపోతే గుణకారాన్ని డ్యూయల్ చేసినప్పుడు వచ్చేది టెన్సర్ ప్రాడక్ట్‌లో ఇమడదు.

స్వీడ్లర్ సంకేతం గురించి ఒక హెచ్చరిక. డెల్టా(చ) = Σ చ(1) ⊗ చ(2) అని రాస్తారు, తర్వాత ఆ Σ ని కూడా వదిలేస్తారు. చ(1) అని విడిగా ఒక ఎలిమెంట్ ఉందనుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది. అది ఒక మొత్తంలోని ఎడమ భాగాలన్నిటికీ కలిపి పెట్టిన గుర్తు మాత్రమే, కుడి భాగం పక్కన లేకుండా దానికి అర్థం లేదు. అలవాటయ్యేదాకా Σ రాస్తూనే ఉండండి.

ఉదాహరణలు చూసేటప్పుడు ప్రతిచోటా రెండు రకాల ఎలిమెంట్లని వెతకండి. డెల్టా(గ) = గ ⊗ గ, ఎప్సిలాన్(గ) = 1 అయితే అది గ్రూప్‌లైక్. డెల్టా(య) = య ⊗ 1 + 1 ⊗ య అయితే అది ప్రిమిటివ్. గ్రూప్ ఆల్జీబ్రా అంతా మొదటి రకంతో కట్టింది, లీ ఆల్జీబ్రా యూనివర్సల్ ఎన్వలపింగ్ ఆల్జీబ్రా రెండో రకంతో కట్టింది. రెండోది లైబ్నిట్జ్ నియమమే, డెరివేటివ్ తీసేటప్పుడు ఒకసారి దీని మీద, ఒకసారి దాని మీద పనిచేస్తాం కదా.

ఇక బైఆల్జీబ్రా. ఒకే స్పేస్ మీద ఆల్జీబ్రా, కోఆల్జీబ్రా రెండూ ఉండాలి, డెల్టా, ఎప్సిలాన్ రెండూ ఆల్జీబ్రా మ్యాప్‌లు కావాలి. దీనివల్ల మీకు దొరికే పెద్ద లాభం: అన్నీ జనరేటర్ల మీద చూస్తే చాలు. డెల్టాని జనరేటర్ల మీద చెప్పండి, రిలేషన్లు చెడిపోవడం లేదని చూడండి, కోఅసోసియేటివిటీ, కోయూనిట్ కూడా జనరేటర్ల మీదే చూడండి, మిగతాదంతా దానంతటదే వస్తుంది. ఏ ఆల్జీబ్రా మీదైనా డెల్టా పెట్టేయొచ్చనుకోకండి. 2×2 మాత్రికల ఆల్జీబ్రానే తీసుకోండి. ఎప్సిలాన్ అక్కడి నుంచి ఫీల్డ్‌కి వెళ్లే ఆల్జీబ్రా మ్యాప్ కాబట్టి దాని కెర్నెల్ రెండు వైపులా ఐడియల్. మాత్రికల ఆల్జీబ్రా సింపుల్ కాబట్టి కెర్నెల్ సున్నా కావాలి లేదా మొత్తం కావాలి. డైమెన్షన్ 4 నుంచి 1 కి పోతున్నాం కాబట్టి సున్నా కాదు, 1 అనే ఎలిమెంట్ 1 కే పోతుంది కాబట్టి మొత్తమూ కాదు. అయిపోయింది, దాని మీద బైఆల్జీబ్రా నిర్మాణం అసాధ్యం. కొత్త ఆల్జీబ్రా ఎదురైనప్పుడల్లా డెల్టా జోలికి పోకముందే ఈ ఎప్సిలాన్ పరీక్ష పెట్టండి, చాలా శ్రమ తప్పుతుంది.

ఇప్పుడు అసలు లెక్క: స్వీడ్లర్ ఆల్జీబ్రా, డైమెన్షన్ 4. ఫీల్డ్ క్యారెక్టరిస్టిక్ 2 కాకూడదు. రెండు జనరేటర్లు గ, య. రిలేషన్లు మూడు:

గ² = 1, య² = 0, య·గ = −గ·య

బేసిస్ 1, గ, య, గ·య. గ ని గ్రూప్‌లైక్ చేద్దాం, గ² = 1 కి ఏ ఇబ్బందీ లేదు. య ని ప్రిమిటివ్ చేయాలని ఎవరికైనా చెయ్యి లాగుతుంది, చేసి చూడండి. (య ⊗ 1 + 1 ⊗ య) ని వర్గం చేస్తే య² ⊗ 1 + 2(య ⊗ య) + 1 ⊗ య² వస్తుంది. య² = 0 అయినా మధ్యలో 2(య ⊗ య) మిగిలిపోయింది, కాబట్టి రిలేషన్ చెడింది. ఈ మధ్య పదాన్ని చంపడానికే గ కావాలి. ఇలా పెట్టండి:

డెల్టా(య) = య ⊗ 1 + గ ⊗ య, ఎప్సిలాన్(య) = 0

మళ్లీ వర్గం చేయండి. మధ్యలో వచ్చేవి (య ⊗ 1)(గ ⊗ య) = య·గ ⊗ య, ఇంకా (గ ⊗ య)(య ⊗ 1) = గ·య ⊗ య. కలిపితే (య·గ + గ·య) ⊗ య, మూడో రిలేషన్ ప్రకారం సున్నా. ఆ మైనస్ గుర్తు అక్కడ ఎందుకు ఉందో ఇప్పుడు కనిపించింది కదా! మూడో రిలేషన్‌కి కూడా ఇదే పని చేయండి: డెల్టా(య)డెల్టా(గ) = య·గ ⊗ గ + 1 ⊗ య·గ, డెల్టా(గ)డెల్టా(య) = గ·య ⊗ గ + 1 ⊗ గ·య, రెండూ కలిపితే సున్నా. కోఅసోసియేటివిటీకి ఎడమ వాటాని విడగొట్టినా కుడి వాటాని విడగొట్టినా య మీద వచ్చేది ఒకటే:

య ⊗ 1 ⊗ 1 + గ ⊗ య ⊗ 1 + గ ⊗ గ ⊗ య

బైఆల్జీబ్రా సిద్ధం. ఈ పేరాలో ఉన్నవన్నీ చదివి ఊరుకోవద్దు, చేత్తో రాయండి, లేకపోతే పట్టు దొరకదు.

యాంటీపోడ్‌ని చాలా పుస్తకాలు ఒక్కసారిగా మీద పడేస్తాయి, అదేదో పైనుంచి తగిలించిన కొత్త వస్తువులా కనిపిస్తుంది. నిజానికి అది ఒక విలోమం. బైఆల్జీబ్రా నుంచి తనకే వెళ్లే రెండు లీనియర్ మ్యాప్‌లని ఇలా గుణించవచ్చు: ఎలిమెంట్‌ని డెల్టాతో విడగొట్టి, ఎడమ భాగం మీద ఒక మ్యాప్, కుడి భాగం మీద రెండో మ్యాప్ ప్రయోగించి, వచ్చినవాటిని గుణించి కలపడం. దీన్ని కన్వల్యూషన్ అంటారు. ఈ గుణకారానికి యూనిట్ ఐడెంటిటీ మ్యాప్ కాదు, ఎప్సిలాన్ చేసి 1 తో గుణించే మ్యాప్. ఐడెంటిటీ మ్యాప్‌కి ఈ గుణకారంలో విలోమం ఉంటే అదే యాంటీపోడ్, దాన్ని స అని రాద్దాం. విలోమం ఉంటే ఒక్కటే ఉంటుంది కాబట్టి యాంటీపోడ్ ఎంచుకునే వస్తువు కాదు, ఒక బైఆల్జీబ్రాకి అది ఉంటుంది లేదా ఉండదు; ఉంటే ఆ బైఆల్జీబ్రానే హాప్ఫ్ ఆల్జీబ్రా అంటారు. నా దృష్టిలో ఈ సబ్జెక్ట్‌లో మొదట పట్టుకోవాల్సిన మాట ఇదే.

ఎప్పుడు ఉండదు? గ్రూప్‌లైక్ ఎలిమెంట్ మీద షరతు స(గ)·గ = 1 అవుతుంది, అంటే ప్రతి గ్రూప్‌లైక్‌కీ గుణకార విలోమం ఉండి తీరాలి. గ అనే ఒకే వేరియబుల్‌తో పాలినామియల్ రింగ్ తీసుకుని గ ని గ్రూప్‌లైక్ చేయండి, శుభ్రమైన బైఆల్జీబ్రా, కానీ ఆ రింగ్‌లో గ కి విలోమం లేదు కాబట్టి హాప్ఫ్ ఆల్జీబ్రా కాదు. అదే రింగ్‌లో ఆ వేరియబుల్‌ని ప్రిమిటివ్ చేస్తే స(గ) = −గ, హాప్ఫ్ ఆల్జీబ్రా అయిపోయింది. ఆల్జీబ్రా ఒకటే, డెల్టా మారింది, ఫలితం మారింది.

మన స్వీడ్లర్ ఆల్జీబ్రాకి వద్దాం. స(గ) = గ, ఎందుకంటే గ² = 1. య మీద షరతు రాస్తే స(య)·1 + స(గ)·య = 0, కాబట్టి స(య) = −గ·య. రెండో వైపు కూడా తప్పకుండా చూడండి: య·స(1) + గ·స(య) = య − గ²·య = 0, సరిపోయింది. ఇక్కడ జారిపోయే చోటు ఒకటుంది. యాంటీపోడ్ గుణకారం వరస తిప్పుతుంది, స(అఇ) = స(ఇ)స(అ), కాబట్టి జనరేటర్ల నుంచి మిగతా ఎలిమెంట్లకి పొడిగించేటప్పుడు, రిలేషన్లు పరీక్షించేటప్పుడు వరస తిప్పే రాయాలి. ఇప్పుడు స ని రెండుసార్లు చేయండి:

స(స(య)) = స(−గ·య) = −స(య)·స(గ) = గ·య·గ = −య

గ్రూప్ ఆల్జీబ్రాలో రెండుసార్లు చేస్తే మొదటికి వచ్చేస్తాం, ఇక్కడ రాలేదు, నాలుగుసార్లు చేయాలి. ఈ ఆల్జీబ్రా కమ్యుటేటివ్ కాదు, డెల్టాలో ఎడమ కుడి మార్చినా ఒకేలా ఉండదు, అలాంటి హాప్ఫ్ ఆల్జీబ్రాల్లో అతి చిన్నది ఇదే. డైమెన్షన్ ప్రధాన సంఖ్య అయితే, కాంప్లెక్స్ సంఖ్యల మీద, గ్రూప్ ఆల్జీబ్రా తప్ప ఇంకోటి రాదని కప్లాన్‌స్కీ ఊహించాడు, 1994లో యోంగ్‌చాంగ్ జూ నిరూపించాడు. కాబట్టి 2 లోనూ 3 లోనూ కొత్తదేమీ దొరకదు, విచిత్రం 4 లో మొదలవుతుంది.

ఇంతవరకు చేశాక తర్వాతి మెట్టు టాఫ్ట్ ఆల్జీబ్రా. −1 బదులు 1 కి ప్రిమిటివ్ ఘనమూలం (అంటే 1 కాని ఘనమూలం, ω అందాం) పెట్టండి, గ³ = 1, య³ = 0, డెల్టా అదే. డైమెన్షన్ 9 అవుతుంది. డెల్టా(య) ని ఘనం చేసినప్పుడు మధ్య పదాలు సున్నా కావడానికి 1 + ω + ω² = 0 ఎలా అక్కరకొస్తుందో చూడండి, 1985, 1986 ప్రాంతంలో జింబో, డ్రిన్‌ఫెల్డ్ తెచ్చిన క్వాంటమ్ గ్రూపుల్లోని q-బైనోమియల్ లెక్కలు ఇక్కడే చిన్న రూపంలో ఉన్నాయి. అందులో యాంటీపోడ్‌ని ఎన్నిసార్లు చేస్తే ఐడెంటిటీ వస్తుందో మీరే తేల్చండి, జవాబు 6 రావాలి. 2 వచ్చిందంటే ఎక్కడో వరస తిప్పడం మర్చిపోయారని అర్థం.