టీ బండి కాడ ఎవడన్నా "నేపాలోడు" అంటే ఎట్ల మాట్లాడాలె

దేవరకొండల మా క్లాసుల సగం మంది తండాల పిలగాండ్లే, నా పక్క బెంచోడు ఇంట్ల గోర్ బోలి అంటే లంబాడోళ్ల బాస, బడిల తెలుగు, ఆటకాడ ఉర్దూ మాట్లాడెటోడు. ఒక సారు వాన్ని పేరుతోని పిలవకపోతుండె, "ఏయ్ తండా, లేవ్" అంటుండె, మేమంత నవ్వుతుంటిమి, నేను గూడ. అందుకే, ఎవన్నన్నా మొఖం, ఊరు, రంగు, కులం చూసి ఎగతాళి చేస్తుంటే ఎట్ల ఆపాలెనో రాస్తున్న.

మొదలు, పేరు అందియ్యాలె, లొల్లి పెట్టుకోవద్దు. మా గల్లీల మొమోస్ బండి పిలగాన్ని అందరు "ఏ చైనా" అంటరు, వాడు అస్సాం. మా కాక అట్లనే పిలిస్తే "కాక, గాయిన పేరు బిజయ్, మనదేశమే" అన్న, అంతే, చాయ్ తాగినం. పెద్దమనిషిని నలుగుర్ల "నువ్వు తప్పు" అంటే మొండికి పోతడు, పేరు చెప్తే రెండోసారి నోరు దానంతట అదే ఆగుతది.

"జోకేరా భయ్" అన్నోనికి 2014ల ఢిల్లీల జరిగింది చెప్పున్రి. అరుణాచల్ పిలగాడు నిడో తానియా, దుకాణంల జుట్టు చూసి ఎగతాళి చేసిన్రు, గొడవైంది, కొట్టిన్రు, తెల్లారి పానం పోయింది. మొదలైంది జోకుతోనే.

ఇగ మిర్యాలగూడ రైసు మిల్లుల హమాలీలను "బీహారోడు" అన్నప్పుడు నేను ఒక్కటే అడుగుత, మన పాలమూరు లేబర్ గుంపు మేస్త్రీ ఎనక బొంబాయి, పూనా పోయి మట్టి మోసినప్పుడు వాళ్లను అక్కడ ఏమని పిలిచిన్రు? ఈ మాటకు మా దిక్కు ఎవ్వరన్నా సల్లబడ్తరు, ప్రతి ఇంట్ల ఒకరన్నా పోయినోళ్లే గద. ఆఫ్రికా స్టూడెంట్లను చూసి నవ్వెటోళ్లకైతే మర్ఫా గుర్తు చెయ్యిన్రి, బరాత్‌ల మనం ఎగిరే ఆ దరువు ఆఫ్రికా మూలమున్న హైదరాబాద్ సిద్దీలది, అరబ్బులది, హైదరాబాద్‌ల ఏసీ గార్డ్స్ అన్న బస్తీ పేరు గూడ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచే వచ్చింది.

పెండ్లి సంబంధాల్ల "పిల్ల జర నలుపు" అనే అత్తల సంగతి వేరే, వాళ్లతోని నేను ఇంకా గెలవలే.

ఎస్సీ ఎస్టీలను నలుగురి ముంగట కులం పేరుతోని తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉంది, అది తెల్సుకొని ఉండున్రి, గానీ చాయ్ కాడ మొదలే కేసు మాట ఎత్తితే అందరు గమ్మునయ్యి మీ ఎనక అవే జోకులేస్తరు. ఇంకోటి, మాట పడ్డోన్ని నడుమల నిలబెట్టి "చెప్పురా, నీకు బాధైందా" అనకున్రి, వానికి అది ఇంకో అవమానం. తర్వాత ఒక్కన్ని కలిసి అడగాలె.

ఆఖరిది మస్తు కష్టం, మనం నవ్వింది మనమే ఒప్పుకోవాలె. మొన్న దీపావళికి ఆ బెంచోన్ని కలిసి "అప్పుడు నేను గూడ నవ్విన రా" అన్న, వానికి యాది ఉండదనుకున్న. "ఎర్ర స్వెట్టర్ ఏసుకున్నవ్ ఆ రోజు" అన్నడు.